నిద్రపోయే ఫాలోవర్లు

మూతికి గుడ్డ కట్టుకోకుండా పాలప్యాకెట్టుకు కూడా వీధిలోకి పోలేని ఆ రోజుల్లో, కాలేజీలు మూతపడి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న కుర్రాళ్లందరికీ ఒకటే ఆశయం ఉండేది, ఫాలోవర్లను సంపాదించడం. ఎందుకు సంపాదించాలో ఎవరికీ తెలియదు. సంపాదించాక ఏం చేయాలో అసలే తెలియదు. నేను సూరత్‌లో బీకాం రెండో ఏడు వెలగబెడుతూ ఆ ఆశయానికి నా వంతు సేవ చేస్తుండేవాణ్ని. డాన్సు చేశాను, జోకులు చెప్పాను, మిమిక్రీ కూడా చేశాను (రైలింజను ఒక్కటే వచ్చు, అదీ దగ్గులా ఉండేది). ఇంత కష్టానికి నాకు దక్కిన అభిమానులు మా అమ్మ, మా అక్క, భేస్తాన్‌లోని ఒక ప్లైవుడ్ దుకాణం. ఆ దుకాణంవాళ్లు కనబడిన ప్రతివాణ్నీ ఫాలో అవుతారని తర్వాత తెలిసింది.

లాక్‌డౌన్‌కు ముందు అమ్మానాన్నలు పెళ్లికని సిరిసిల్ల వైపు మా ఊరికి వెళ్లి అక్కడే చిక్కుపడ్డారు. నన్ను కోసాడ్ కాలనీలో మా చిన్నాయన, చిన్నమ్మల ఇంట్లో దింపి వెళ్లారు. చిన్నాయన మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీ. మేమందరం వాటిని లూములనే అంటాం. రోజూ తాపీ నది దాటి ఖటోదరాలో ఒక కార్ఖానాకు పోయి, సాయంత్రానికి ఒళ్లంతా నూనె పూసుకుని వచ్చేవాడు. చిన్నమ్మ ఇంట్లోనే కూర్చుని వ్యాపారులు పంపిన చీరల మీద వేలాడే దారాలు కత్తిరించేది. ఆమె పుట్టింది సూరత్‌లో, పెరిగింది సూరత్‌లో. సొంత ఊరంటే ఆమెకు పెళ్లిళ్లకు పోయి దోమలు కుట్టించుకుని వచ్చే చోటు. తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలోకి తీసుకుపోయి గుజరాతీలో ముగించేది, మధ్యలో ఎక్కడా తడుముకునేది కాదు.

లూములు ఆగిపోయాయి. అంతవరకూ సూరత్‌లో మావాళ్లెవరికీ నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. ఆ ఖట్‌ఖట్ చప్పుడులోనే పుట్టి, అందులోనే తిని, అందులోనే గురక పెట్టినవాళ్లం. అది ఆగేసరికి కాలనీకి కాలనీ నిద్రపట్టక మంచాల మీద దొర్లడం మొదలుపెట్టింది. మామూలు మనుషులు చప్పుడైతే లేస్తారు. లూము మనిషి చప్పుడు ఆగితే లేస్తాడు. "లూము ఆగిందంటే తార్ తెగినట్టు" అని చిన్నాయన చెప్పాడు, తార్ అంటే పోగు. "తార్ తెగితె లేసి ముడెయ్యాలె. ముప్పై ఏండ్ల సంది గదే అలవాటు. ఇప్పుడు అన్నీ ఒక్కపారే ఆగినయ్, ఇంక నిద్రెట్ల పడ్తది?"

అప్పుడొక మధ్యాహ్నం చిన్నాయన తన ఫోన్లో పాత వీడియో ఒకటి వెతికి తీశాడు. ఏదో లూములో తేడా చప్పుడు వస్తోందని, విడిభాగాల దుకాణంవాడికి వినిపించడానికి, కార్ఖానా మూసేముందు రికార్డు చేశాడట. చేసి, ఆపడం మరిచిపోయి ఫోను జేబులో వేసుకున్నాడు. కాబట్టి అందులో మొదటి నిమిషం తప్ప ఆసాంతం కనిపించేది ఆయన నీలిగళ్ల చొక్కా జేబు లోపలి గుడ్డ. వినిపించేది లూముల మోత, మధ్యమధ్య ఆయన దగ్గు, ఒకసారి "ఎవర్రా అక్కడ బీడీ ముట్టిచ్చింది" అన్న మాట. అంతే. ఫోను దిండు పక్కన పెట్టి వీడియో నొక్కాడు. చిన్నమ్మ చేతిలో కత్తెర చేతిలో ఉండగానే నిద్రపోయింది. నేను కంచం ముందు నిద్రపోయాను. లేచేసరికి పక్కింటి ఒడియా భాభీ మా గుమ్మంలో గోడకు ఆనుకుని నిద్రపోతోంది. చక్కెర అడగడానికి వచ్చిందట.

అంత గొప్ప కళాఖండాన్ని లోకానికి దూరం చేయడం పాపమని, 'సూరత్ లూము చప్పుడు' అని పేరుపెట్టి నా ఛానెల్లో పెట్టాను. వారం తిరక్కుండా నా డాన్సులూ జోకులూ అన్నీ కలిపి చూడనంతమంది చిన్నాయన జేబును చూశారు. లూములు ఆగి సొంత ఊళ్లకు పోయిన కార్మికులందరూ, తెలంగాణలో, ఒడిశాలో, ఉత్తరప్రదేశ్‌లో ఎక్కడెక్కడో నిద్రలేక దొర్లుతున్నారని నాకేం తెలుసు? "అన్నా, పానం లేసొచ్చింది" అని ఒకరు రాశారు. "మా పోరడు ఇది పెడితెనే పంటుండు" అని ఒక తల్లి రాసింది. ఒడియా అక్షరాల్లో బారెడు బారెడు వ్యాఖ్యలు వచ్చేవి. మన అక్షరాల్లాగే గుండ్రంగా ముచ్చటగా ఉండేసరికి అవన్నీ పొగడ్తలేనని నమ్మి, ప్రతిదానికీ దండం బొమ్మ పెట్టేవాణ్ని. ఫాలోవర్లు వేలు దాటి, పదివేలు దాటి, లక్షకు దగ్గరపడ్డారు. నేను నేల మీద నడవడం మానేశాను. అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూలకు జవాబులు సాధన చేస్తుంటే, చొక్కా యజమాని నా వెనక చాయ్ వడపోస్తూ "జర పక్కకు జరుగు" అనేవాడు.

లాక్‌డౌన్ సడలింది. కార్ఖానా తలుపులు తెరుస్తారని చిన్నాయన ఉతికిన బట్టలు వేసుకుని పోయి, మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. కార్ఖానా యజమాని సేటు పాత లూములన్నిటినీ తుక్కు కింద అమ్మేశాడట. ఆయన వెళ్లేసరికి లారీకి ఎక్కిస్తున్నారట. నా ఛానెల్లో మోగుతున్న లూములు లోకంలో లేకుండా పోయాయి. చిన్నాయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "గణపతి పండుగ దాక చూస్త. ఏం పని దొరకకపోతె ఊరికి పోదాం. ఈ ఇల్లు కిరాయికిద్దాం" అన్నాడు. చిన్నమ్మ తల ఊపింది. ఆయన పడుకున్నాక వాకిట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె ముఖం చూసి నేను ఫోను జేబులో పెట్టాను (ఆ ఏడాదిలో అది బహుశా మొదటిసారి).

"నాకు ఆ ఊర్ల ఎవరున్నరు రా? మా అమ్మ ఈడనే పాయె. నా దోస్తులు ఈడనే ఉన్నరు. ఈ ఇల్లు నా పేరు మీదున్నది. అందరు ఊరు ఊరంటరు, నా ఊరు గిదే కదా" అంది. "నీకు గింతమంది ఉన్నరంటవు. వాళ్లతోని మనకేమన్న కామ్ అయితదా?" అని అడిగింది. అడిగిన తీరులో ఆశ ఉంది. నన్ను అంతవరకూ ఎవరూ అంత గంభీరంగా ఏమీ అడగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఫికర్ చేయకు చిన్నమ్మా. నేనున్న" అన్నాను. ఆ 'నేనున్న' అన్న మాటకు ఆమె ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది. పాపం, నన్ను నమ్మి.

ఫాలోవర్లను వ్యాపారంగా మార్చడం ఎలా అన్న వీడియోలు నేను చూడనివి లేవు. అన్నిట్లో ఒకటే సూత్రం: ముందు ప్రకటనదారును పట్టు. మా బ్లాకు కింద అంతస్తులో చాయ్‌పత్తా అమ్మే సేటు ఒకాయన ఉండేవాడు. ఆయన్ను పట్టాను. నిద్రపుచ్చే ఛానెల్‌కు తేయాకు ప్రకటన ఏమిటని మీరిప్పుడు నవ్వుతున్నారు. అప్పుడు ఒక్కరన్నా నవ్వి ఉంటే బాగుండేది. సేటు "లక్ష మంది" అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాడు, నేను "ప్రకటన" అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాను. ఇద్దరం చేతులకు శానిటైజర్ పూసుకుని ఒప్పందం కుదుర్చుకున్నాం. వీడియో మధ్యలో, అందరూ హాయిగా లీనమై ఉండే చోట, లూముల మోతను టక్కున ఆపి, నా గొంతుతో "లేవండి, తాగండి, తాజాగా ఉండండి" అని మూడు భాషల్లో చెప్పి, కొత్త వీడియోగా పెట్టి, పొద్దున్నే ఆర్డర్లు చూసుకోవచ్చని పడుకున్నాను.

పొద్దున ఫోను తెరిస్తే వ్యాఖ్యలు వరదలా వచ్చి ఉన్నాయి. "చప్పుడు ఆగంగనే తార్ తెగిందనుకొని ఎగిరి దుంకిన. చూస్తె మా అత్తగారిల్లు" అని ఒకాయన. చీకట్లో లూము దగ్గరికి పోతున్నాననుకుని బర్రెల కొట్టంలోకి పోయానని ఇంకొకాయన. వరుసగా పడుకున్న అన్నదమ్ములు ఒక్కసారే లేచి తలలు ఢీకొట్టుకున్నారని ఒక వదిన. లేచినవాడు లేచినట్టే చీకట్లో పోగు వెతుకుతూ గోడంతా తడిమాడని, దయ్యం పట్టిందేమోనని తాయెత్తు కట్టించామని మరొకరు. ఎక్కడెక్కడి ఊళ్లలోనో, ఒకే రాత్రిలో, వేలమంది లూము మనుషులు లేని పోగుకు ముడి వేయడానికి లేచి నిలబడ్డారన్నమాట. ఆ సంఖ్యలో జనాన్ని ఒక్క దెబ్బకు కదిలించడం గొప్ప నాయకులకు కూడా సాధ్యం కాదు. ఒడియా వ్యాఖ్యలు ఈసారి మరీ పొడవుగా ఉంటే భాభీని పిలిచి చదవమన్నాను. ఆమె ఒకటి చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇది నేను చెప్పలేను, మా అన్న వయసువాడు రాశాడు" అని హిందీలో అని వెళ్లిపోయింది. ఒక్క ఆర్డరూ రాలేదు. సేటు మాత్రం నన్ను మెచ్చుకున్నాడు. "అందరూ లేచారు కదా భాయ్, మన పత్తా పవరు అది" అన్నాడు.

చిన్నమ్మకు విషయం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం చాలాసేపు ఆ వ్యాఖ్యలు చదివించుకుని వింది. "పంటున్న పిల్లల గుడ లేపినవు" అంది చివరికి. వ్యాపారం పోయినందుకు ఆమెకు బాధగా ఉందని నేననుకున్నాను. ఆమె సిగ్గుపడుతోంది. మనింటికి వచ్చి పడుకున్న చుట్టాలను తట్టి లేపితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకు. "ఆ లైవంటరు కదా, అది ఎట్ల పెడ్తరో చూపెట్టు. నువ్వు పక్కకు పో" అంది.

ఆ మధ్యాహ్నం ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, చిన్నాయన ఫోన్లో లూముల మోత పెట్టి, నేల మీద కూర్చుంది. ముఖం కూడా సరిగ్గా కనిపించని చోట కూర్చుంది. "మొన్న మా పిలగాడు మిమ్ముల లేపిండు. తప్పయింది. మీరు పండుండ్రి, నేను ఈడనే ఉంట. చప్పుడు ఆగకుంట చూస్కుంట" అని, అదే ముక్క హిందీలోనూ చెప్పి, ఇంక మాట్లాడటం మానేసింది. ఒళ్లో పెట్టుకుని బొంత కుట్టడం మొదలుపెట్టింది. చనిపోయిన వాళ్లమ్మ చీరలు ట్రంకులో ఉండేవి. ఊరికి పోతే అన్నీ మోసుకుపోవడం కుదరదు కాబట్టి, పొరలుపొరలుగా పరిచి ఒక్క బొంతగా కుడుతోంది. మూలన నిలబడి నేను చేతులతో సైగలు చేస్తూనే ఉన్నాను, ఏదన్నా మాట్లాడు, నవ్వు, కెమెరా వైపు చూడు అని. ఆమె ఒకసారి సూది నా వైపు చూపించింది. నేను మానుకున్నాను.

అలా రోజూ మధ్యాహ్నం కూర్చునేది. తిట్టినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. చాలామంది నిద్రపోయేవారు, నిద్రపట్టనివాళ్లు ఆ సూది ఎక్కిదిగడం చూస్తూ ఉండేవారు. ఒకరోజు ఎవరో, "ఏం కుడుతున్నవక్కా?" అని రాశారు. చిన్నమ్మ కూడబలుక్కుని చదివి, "బొంత. మా అమ్మ చీరలయి" అంది. ఎందుకని అడిగితే, "ఊరికి పోవాలె. కప్పుకోనికి" అంది. తర్వాత సిరిసిల్ల దగ్గరి ఒకాయన రాశాడు. "మా అమ్మయి గుడ పెట్టెల ఉన్నయక్కా. కరోనాల పోయింది. పారెయ్య బుద్ధయితలేదు, సూడ బుద్ధయితలేదు. కుట్టిస్తవా?" చిన్నమ్మ సూది ఆపింది. "పంపు తమ్మీ. కుట్టిస్త" అంది. నేను మూల నుంచి "రేటు చెప్పు చిన్నమ్మా, రేటు" అని గుసగుసలాడాను. ఆమె కెమెరా ముందే నా వైపు తిరిగి, "ముందు చీరలు రానీ. ఎన్ని పొరలైతయో సూడకుంట ఏం చెప్త?" అంది. ఇది ఎన్ని వేలమంది విన్నారో నాకు తెలియదు. ఆ సాయంత్రానికి మాత్రం నా ఇన్‌బాక్సు నిండా ఒకటే అడుగుడు: మా అమ్మవి, మా నానమ్మవి, మా అత్తవి కూడా కుడతారా?

పార్సిళ్లు రావడం మొదలైంది. దేశానికంతా కొత్త చీరలు పంపే ఊరికి దేశం పాత చీరలు పంపుతోంది. కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి, అక్కా అని గుజరాతీలో పిలుస్తూ, "బెన్, సూరత్‌లో చీరలకు కరువొచ్చిందా?" అని అడిగేవాడు. ఒక్కొక్క మూట విప్పుతుంటే ఒక్కొక్క ఇల్లు బయటపడేది. కర్పూరం వాసన ఒకదాంట్లో, పొగాకు వాసన ఒకదాంట్లో. ఒక చీర కొంగు చివర చిన్న ముడి ఉంది, లోపల ఏదో గట్టిగా తగులుతోంది. చిన్నమ్మ విప్పలేదు. ఫోనుచేసి అడిగితే, అవతల ఆయన, "లవంగాలై ఉంటయక్కా, ఎప్పుడు నోట్లేసుకునేది. అట్లనే ఉండనీ" అన్నాడట. ఆ ముడి చుట్టూ సుతారంగా కుట్టింది. పని పెరిగేసరికి, దారాల పని పోయిన కాలనీ ఆడవాళ్లను పిలిచింది. ఒడియా భాభీ, పై అంతస్తు మరాఠీ తాయి, ఎదుటింటి గుజరాతీ మాసీ మెట్ల మీద దూరందూరంగా కూర్చుని, మూతికి గుడ్డలు కట్టుకుని కుట్టేవారు. బొంత చేరినవాళ్లను ఎలా ఉందో రాయమని నేను అడుగుతుండేవాణ్ని (అలా అడగాలని వీడియోల్లో చెప్పారు). ఒక ఇల్లాలి జవాబు నాకిప్పటికీ గుర్తు: "కప్పుకున్న మనిషి ఇంక లేవలే. లేసినంక అడిగి చెప్త."

గణపతి పండుగ వచ్చింది, వెళ్లింది. చిన్నాయన మాట మీద నిలబడే మనిషి. రైలు టికెట్లు తెచ్చి దేవుడి పటం దగ్గర పెట్టి, ట్రంకు పెట్టెకు తాడు కట్టి, "ఛలో" అన్నాడు. చిన్నమ్మ ఏడవలేదు, వాదించలేదు. ఒళ్లో ఉన్న బొంతను కొంచెం పైకెత్తి చూపించి, "ఇది ఎవరిదో అమ్మది. సగంల ఉన్నది. పరాయోళ్ల అమ్మ చీరలు ఇంట్ల పెట్టి తాళమేస్కొని పోతమా? ఇది అయినంక పోదాం" అంది. చిన్నాయన ఆలోచించాడు. ధర్మంగానే తోచింది. టికెట్లు వాపసు చేశాడు. అది అయ్యేలోపల ఇంకో రెండు మూటలు వచ్చాయి. "ఇవి అయినంక" అంది. ఆయన మళ్లీ టికెట్లు తెచ్చాడు, మళ్లీ వాపసు చేశాడు. మధ్యలో ఊరికే కూర్చోలేక, మెట్ల మీది ఆడవాళ్లు తెచ్చుకున్న కుట్టుమిషన్లకు నూనె వేయడం మొదలుపెట్టాడు. తర్వాత బెల్టులు మార్చాడు. దీపావళి నాటికి కాలనీలోని మిషన్లన్నీ ఆయన చేతికిందికి వచ్చాయి, ఆయన ఒళ్లు మళ్లీ నూనె వాసన కొట్టసాగింది. ట్రంకు తాడు విప్పి దండెం కట్టింది ఎవరో నాకు తెలియదు. ఒక రోజు చూస్తే దాని మీద బొంతలు ఆరుతున్నాయి.

నేనిప్పుడు ఒక పెద్ద ఆఫీసులో ఉన్నాను. జనం ఏదో హాయిగా చూసుకుంటుంటే మధ్యలో ఆపి వస్తువులు అమ్మే ఉద్యోగం (మీరు విసుక్కుంటారు చూడండి, అది మేమే). మొన్న సెలవుకు కోసాడ్ వెళ్లాను. చిన్నమ్మ జుట్టు నెరిసింది, మెట్ల మీద ఆడవాళ్లు పెరిగారు. కింద అంతస్తులో సేటు ఖాళీ చేసిన గది ఇప్పుడు వీళ్ల గోదాము. అన్నాలు తింటుంటే చిన్నాయన, వాతావరణం గురించి అడిగినట్టుగా, "ఈ పండుగకన్న ఊరికి పోదామా?" అన్నాడు. పక్కన కుడుతున్న చిన్నమ్మ పళ్ల మధ్య దారం కొరికి, "ఇది అయినంక పోదాం" అంది. ఆయన బుద్ధిగా తలూపి, చెయ్యి కడుక్కుని, గోదాములో కొత్తగా దిగిన మూటలు పైకి తేవడానికి వెళ్లాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వాకిట్లో కూర్చుని "నేనున్న" అన్న కుర్రాడు గుర్తొచ్చాడు. వాడు ఇప్పుడు ఎదురైతే భుజం మీద చెయ్యి వేసి, ఆమె పక్కన కూర్చోబెట్టి, ఏమీ చేయకుండా కాసేపు ఆ కుట్టడం చూడరా నాయనా అని చెప్పాలని ఉంటుంది. వాడు వినడు. కూర్చున్న రెండో నిమిషానికి, వెలుతురు సరిగ్గా లేదని ఆమెను కొంచెం ఇటు జరగమంటాడు.